లో ఓల్టేజి

పరకాల అంగడి ఎనుక ఓదెలన్న షాపుల
యాసంగంత కాలిన వార్నిష్ వాసనే.
ఇయ్యాల మూడో మోటరు, రేగొండ మల్లక్కది.
మెట్టు మీద కూసోని అడిగింది:
"కరెంటు ఎక్కువొచ్చి కాలిందా?"

"ఎక్కువొచ్చి కాదక్కా, ఓల్టేజి తక్కువై."

చేతిల టెస్టరు కింద పెట్టిండు.
"మేడారం పోయినవు గద.
ఎనుకనుంచి నూకుడు ఓల్టేజి.
కదిలే జనం కరెంటు.
వాగు కాడ ఇరుకు తొవ్వ రెసిస్టెన్సు,
అండ్ల ఒరుసుకుంటెనే ఏడి పుడ్తది.
నాలుగొందల పదిహేను రావాలె,
మీ లైన్ల మూడొందలే.
నూకుడు తగ్గిందని బాయి లోతు తగ్గుతదా?
నీళ్లు మీదికి ఎక్కాలె.
మోటరు ఆగదు,
ఇంకింత కరెంటు గుంజుతది,
గుంజి గుంజి లోపల్నే కాలుతది."

మల్లక్క శానసేపు మాట్లాడలె.
నల్లబడ్డ తీగను ఏలుకు చుట్టుకుంట
"దీన్ని తిట్టిన," అన్నది, "పొద్దంత తిట్టిన."

నేను కొత్త రాగి తీగ చుడుతున్న.
నలభై ఆరా, నలభై ఏడా?
లెక్క తప్పింది.
మళ్ల ఒకటి కాడి నుంచి.