రొట్టె అనే మాట

మొగిలి ఘాటు కింద, ఇరవై మూడు గడపల మా పేటలో
రొట్టె అంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు.
జ్వరమొస్తే బంగారుపాళ్యం అంగట్లో కొనే
బన్ను ఒకటే తెలుసు.
అందుకే వాక్యంలో రొట్టె వచ్చిన ప్రతిచోటా
మా అవ్వ కాసేపు ఆగేది,
పరాయి ఊర్లో దోవ అడిగే మనిషిలా.

బాప్తిస్మానికి ముందు ఆమె మునెమ్మ.
వంక నీళ్ళలో మునెమ్మగా మునిగి
దీనమ్మగా లేచింది.
ఊరు మాత్రం తడవలేదు,
మునెమ్మా అనే పిలిచేది.
రెండింటికీ పలికేది అవ్వ.
"పిలిచేది నన్ను కదబ్బా, పేరునా?"

ఆ ఏడు వానకు ఘాట్‌లో బండలు దొర్లి
చిత్తూరు బస్సు రాలేదు.
బస్సులో రావాల్సిన అయ్యగారూ రాలేదు,
ఆయన సంచిలో రావాల్సిన రొట్టె కూడా.
బల్ల మీద తెల్లగుడ్డ పరిచి
పేటంతా కూచోనుంది.
అవ్వ లేచి ఇంటికి పోయింది.
సంగటి ముద్ద ఒకటి, పొగలు కక్కుతా,
ఇత్తడి తట్టలో పెట్టుకొని వచ్చింది.
గ్లాసులో నేరేడుపళ్ళ రసం.

సంగటి విరగదు.
తుంచాల. తుంచితే వేళ్ళు కాలతాయి.
ఊదుకుంటా ఒకరికొకరు అందించుకున్నారు,
ఆ పొద్దు మా పేటలో
అందరి నాలుకలూ ఒకే రంగు.

వారానికి సంగతి చిత్తూరు చేరింది.
దైవసహాయం అయ్యగారు నోటుబుక్కుతో వచ్చినాడు.
నీకు ఎవరిచ్చినారు ఈ అధికారం, అన్నాడు.
గోధుమ కాకుండా కుదరదు, అన్నాడు.
అవ్వ చీపురు పక్కన పెట్టి అడిగింది:
"ఆ సామి పుట్టిన కాడ గోధుమలు పండినాయి, తిన్నాడు.
మా చేన్లో పుట్టుంటే ఏం తినుండునయ్యా?"
అయ్యగారు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.
మధ్యాహ్నం ఊరిబిండితో రెండు ముద్దలు తిన్నాడు.
బుక్కులో ఏం రాసుకున్నాడో
మాకు ఇప్పటికీ తెలియదు.

పెరటాసి వస్తే రోడ్డంతా పసుపుబట్టలు.
కోలారు వైపు నుంచి తిరుపతికి నడిచేవాళ్ళు.
అవ్వ కడవలో అంబలి పెట్టుకొని
చింతచెట్టు కింద కూచునేది.
కొందరు తాగేవాళ్ళు.
కొందరు "ఏ ఊరు మీది, ఏ మనుషులు" అని అడిగి
జవాబు విని, దాహంతోనే పోయేవాళ్ళు.
అవ్వ కడవ మూసేది కాదు.

ఒక ముసలామె కాలినిండా ముళ్ళు, నెత్తురు.
ఆ పాదం ఒళ్ళో పెట్టుకొని
పిన్నీసుతో ఒక్కోటి తీసింది అవ్వ.
కొంగు చించి కట్టు కట్టింది.
"ఆ గోవిందుడే నిన్ను పంపినాడు తల్లీ" అంది ముసలామె.
సండేస్కూల్లో అప్పుడే బహుమతి కొట్టిన నేను
పేరు సరిదిద్దుదామని నోరు తెరిచాను.
తొడ మీద గట్టిగా గిల్లింది అవ్వ.
"పంపినోని పేరు ఆమె చెప్పిందిలే.
నువ్వు కాలు పట్టుకో."

ఇంత చెప్పాను కాబట్టి ఇదీ చెప్పాలి.
చిత్తూరు పెద్ద గుడిలో సర్వలోకం అనే మాట
గొంతెత్తి పాడేవాళ్ళు.
మా పేటోళ్ళది కడపటి బెంచీ.
ఆ మాట అక్కడిదాకా వచ్చేసరికి
అలిసిపోయుండేది.

ఇప్పుడు నేను ముందు వరసలోనే కూచుంటాను.
మద్రాసు నుంచి ప్యాకెట్లో వస్తుంది రొట్టె,
పలచగా, తెల్లగా, బిళ్ళలా.
నాలుక మీద పెడితే కరిగిపోతుంది.
వేళ్ళు కాలవు.

అవ్వను పెట్టెలో పెట్టే పొద్దు
ఆదివారాల తెల్లచీర తీసి చూస్తే
కొంగు చివర జానెడు లేదు.
సిలువ మీద దీనమ్మ అని చెక్కించాం.
గట్టు మీద నిలబడి ఊరి ఆడోళ్ళు
మునెమ్మా, మునెమ్మా అని ఏడ్చినారు.

ఎవరికి పలికిందో.