ఏడో నంబరు దొడ్డి

గుర్రం నాది కాదు,
ముందే చెప్పేస్తే మంచిది.
మా అక్క రోవీనాది. మోకాలి చిప్ప మార్పించుకుని
నెబ్రాస్కాలో ఆసుపత్రి మంచం మీద ఉంది.
"ఏటా అక్టోబరులో దాన్ని సరస్సు గాలికి తిప్పుతాను,
ఈసారికి నువ్వు తీసుకెళ్లు" అంది.
నేను లారీ తోలేవాణ్ణి.
పద్దెనిమిది చక్రాల సంగతి అడుగు, చెబుతాను.
నాలుగు కాళ్ల సంగతి నాకేం తెలుసు?

దాణా బిల్లు వెనక పెన్సిలుతో ఆమె రాసిన చీటీ
జేబులో మడతల దగ్గర చిరుగుతోంది:
రక్తపరీక్ష కాగితం గేటు దగ్గర చూపించు.
కలుపు గింజల్లేవని ముద్ర ఉన్న గడ్డే వెయ్యి.
చెట్టుకి కట్టకు, బెరడు కొరికితే జరిమానా నీకే.
లద్దె ఎప్పటికప్పుడు ఎత్తెయ్.
కింద రెండు గీతలు కొట్టి:
దాని వెనక నిలబడి తుమ్మకు.

సరస్సు పేరు బెంట్ స్పూన్,
సొట్టపోయిన చెంచా ఆకారమని.
గుర్రాల వాళ్ల చోటు అవతలి ఒడ్డున,
పడవల వాళ్ల ముక్కులకి దూరంగా.
ఇనప గొట్టాల దొడ్లు పన్నెండు,
ఒకే ఒక్క కొళాయి,
పళ్లు విరిగిన పార ఒకటి, అందరిదీ.

ట్యూస్‌డే దాని పేరు
(మంగళవారం పుట్టిందట, అంతకు మించి కథేం లేదు).
కొళాయి నీళ్లు వాసన చూసింది,
బకెట్టుని మూతితో పక్కకి నెట్టేసింది.
మళ్లీ పెట్టాను. మళ్లీ నెట్టింది.
చీటీలో దీనికి మందు లేదు.

అయిదో దొడ్డి ఐడెల్లా, రెండు కంచరగాడిదల యజమానురాలు,
మూకుడులో చిక్కుళ్లు కలుపుతూ తలెత్తకుండానే అంది:
"క్లోరిన్ కంపు దానికి పడదు.
సరస్సుకి నడిపించు. తొందరపెట్టకు."

గులకరాళ్ల మీద నాడాల చప్పుడు.
నీళ్లని ముందరికాలితో ఒకటికి నాలుగుసార్లు తట్టి చూసి
అప్పుడు మూతి ముంచింది.
గొంతు వెంట గుటకలు ఒక్కొక్కటే పైకి పాకుతుంటే
లెక్కపెట్టాను. నలభై మూడు.
డీజిల్ కొట్టించేటప్పుడు
అంకెలు చూస్తూ నిలబడే అలవాటు.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది.
గొట్టాల పైన ఉండాల్సిన మెడ లేదు.
టార్చి వేశాను:
పక్కకి ఒరిగి, కాళ్లు చాపేసి, నేల మీద.
గుర్రాలు నిలబడే నిద్రపోతాయని
చిన్నప్పటి నుంచీ విన్నదే కదా,
మరి పడుకుందంటే—

సిగ్నల్ బల్ల మీదికి ఎక్కితే గాని దొరకదు.
అక్క మొదటి రింగుకే ఎత్తింది.
చెవి కదులుతోందా? కదులుతోంది.
పొట్ట? లేచి దిగుతోంది.
నవ్వింది. కుట్లు లాగాయేమో, అబ్బా అంది, మళ్లీ నవ్వింది.
"నిద్రపోతోందిరా వెర్రివాడా.
నిలబడి తీసేది కునుకు.
కలలొచ్చే నిద్ర పడుకుంటేనే.
మందలో ఒకటి లేచి కాపలా ఉంటేనే
మిగతావి ఒళ్లు వాలుస్తాయి."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"నా దగ్గర పన్నెండేళ్లలో నాలుగుసార్లు పడుకుంది.
అక్కడ నిలబడి ఉన్నది ఎవరు?"

టార్చి చుట్టూ తిప్పాను.
ఐడెల్లా కంచరగాడిదలు రెండూ నేల మీదే.
ఆమె గుడారంలోంచి గురక.

బల్ల దిగాను. కుర్చీ పక్కనే ఉంది.
ఇరవై ఆరేళ్లు సీటుకి అతుక్కుపోయిన నడుం
కూర్చో, కూర్చో అని గొణిగింది.
గొట్టం మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాను.
మంచు పట్టి ఇనుము కొరుకుతోంది.
దాని డెక్కలు గాల్లో చిన్నగా ఉరుకుతున్నాయి,
ఎక్కడికో, ఏ గడ్డిలోకో.

నాలుగింటికి దూరాన చేపల పడవ దీపం ఒకటి వెలిగింది.
అప్పుడే ముక్కులో తుమ్ము రేగింది.
ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా
మింగేశాను.
చీటీలో రాసింది వెనక నిలబడినప్పటి మాట.
నేనున్నది దాని తల వైపు.
అయినా.