తిత్తికి అతుకు

చిత్తూరు పాత బస్టాండు వెనక
జిప్పులు మార్చే కొట్టు నాది.
వాన పడితే బేరం ఉండదు.
పక్క సెల్లు కొట్టు ఇర్ఫాను
ఫోను తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టినాడు.
"అక్కా, ఇది విను. మీ అబ్బ ఊదేది ఇట్లే ఉండేదంటివే."

ఎవురిదో దేశం. పడమటి సముద్రంలో తడిసిన దీవి.
మాట ఒక్కటీ తెలీలేదు.
కానీ పాట కింద ఒక మోత,
ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా,
పాట యాడికి పోయినా తను కదలకుండా,
గుంజకు కట్టిన ఆవు మాదిరి.

తోలు తిత్తి.
పొద్దస్తమానం సంచులు కుట్టేదాన్ని, నాకు తెలీదా?

ఇర్ఫాను చదివి చెప్పినాడు:
ఉర్లగడ్డలు కుళ్ళి కరువొస్తే ఓడలెక్కినారంట.
గొర్రెలు మేపుకోడానికి దొరలు
కప్పులు తగలబెట్టి తరిమినారంట ఇంకొందర్ని.
ఓడెక్కేవాళ్ళకు ముందురోజు రాత్రి
బతికుండంగానే శవజాగారం చేస్తారంట,
తాగి, పాడి, ఏడ్చి,
తెల్లారి రేవుదాకా నడిచిపోయి.

నాకు కోపమొచ్చింది, ఎందుకో.
మీకు సముద్రం ఉండె.
మా గొల్లమిట్ట నుంచి చిత్తూరికి పద్నాలుగు కిలోమీటర్లు.
ఆటోలో ఇరవై రూపాయలు.
ఇరవై రూపాయల దూరానికి ఎవురు పాట కడతారు?

మా తావికి దొరలు రాలేదు, సర్వేవాళ్ళు వచ్చినారు.
రాళ్ళకు పసుపు రంగు పూసినారు.
గడపకు పూసే పసుపే అనుకునింది మా జేజి.
ఆరు వరసల రోడ్డంట.
తోతాపురి చెట్టుకు ఇంత, బావికి ఇంత.
చెట్టు కింద పండుకున్న మధ్యాహ్నాలకు
ఆ కాయితంలో గడి లేదు.
భారతం మిట్టకూ లేదు,
అది ఎవురి పేరు మీదా లేదు కాబట్టి.

జాగారమా? చేసినాం, ఒకరకంగా.
ఆఖరి రాత్రి అబ్బ, తిత్తి చెంగల్రాయుడు,
మిట్టెక్కి కూర్చున్నాడు.
ద్రౌపది వేసే దొరస్వామి అప్పటికే
తిరుప్పూరులో బనీన్లు కుడతా ఉండె.
అర్జునుడు బెంగుళూరులో వాచ్‌మన్.
హార్మోనియం అమ్మేసినారు.
పాడేవాళ్ళు లేని శృతి
తెల్లారేదాకా ఒక్కటే మోగింది.
జేసీబీ డ్రైవరు, బీహారు పిల్లోడు,
బీడీ ఆర్పేసి విన్నాడు.
వాడిది ఏ ఊరో, ఎందుకు వదిలొచ్చినాడో,
మేమెవురమూ అడగలేదు.

ఆ తిత్తి ఇప్పుడు నా బెంచీ కింద,
పాత స్కూలు బ్యాగుల నడుమ ఎండిపోయి.
తీసినాను. వేపనూనె రాస్తే రొంత మెత్తబడింది.
ముడి విప్పితే
అబ్బ నమిలిన పొగాకు వాసన.
మేక పోయింది, అబ్బ పోయినాడు,
ఊరు రోడ్డు కిందికి పోయింది,
ఇది మాత్రం ఉన్నచోటే ఉంది.

మేక ఎడమ ముందుకాలు ఉండిన తావులో చిల్లి.
సైకిలు ట్యూబు కోసి, సొల్యూషను పూసి, అతికినాను.
ఊదినాను. దగ్గొచ్చింది. మళ్ళీ ఊదినాను.
ఫోనులో పాట ఇంకా నడుస్తా ఉంది.
రెండూ కలవలేదు.
మాది రొంత దిగువ, గొంతు బొంగురు.
పొద్దున్నే కూలికి నిలబడిన
రెండు భాషల మనుషుల మాదిరి
పక్కపక్కనే, మొహాలు చూసుకోకుండా.
ఇర్ఫాను ఫోను ఆపబోతే వద్దన్నాను.

వాన తగ్గింది. ఒకాయన సూట్‌కేసు తెచ్చినాడు,
చక్రం ఊడింది, రాత్రికే బండి, బిరీన కానీమంటాడు.
"ఎంత దూరం?" అనేసినాను, నోటికొచ్చి.
"దగ్గరేమ్మా, కాట్పాడి."

దగ్గరే.
తిత్తి ఒళ్ళోనే ఉంది.
అతుకు పక్కనుంచి గాలి పోతా ఉంది, సన్నగా.
బొటనవేలు పెట్టి మూసి
రెండో చేత్తో
చక్రాల డబ్బాలో తడుముతా ఉన్నాను.