రఫ్ఫు

మా పనిలో ఒక మాటుంది:
కనబడితే అది రఫ్ఫు కాదు, అతుకు.
ముప్పై ఏళ్లుగా చాకలిపేటలో
ప్యాంటు మడతలోంచి దారం లాగి
దాని చిరుగు మీదే నేస్తున్నాను.
ఆ బట్టలోని పోగే కావాలి, బయటిది ఒప్పదు.

ఆ రాత్రి వాచీల కోటిలింగాన్ని ఎవరో తోశారు.
మెట్టు అంచుకి తల కొట్టుకుంది. సంచి పోయింది.
మూడో రోజు స్టాన్లీ ఆసుపత్రిలో మనిషీ పోయాడు.
నేనప్పుడు షట్టర్ సగం దించి ఉన్నాను.
కానిస్టేబుల్ ఏకాంబరం వచ్చి అడిగితే
ఉన్నది ఉన్నట్టు చెప్పాను:
"ఎవరో పరిగెత్తాడు సార్. వీపు చూశాను."

వీపు. అంతే.

"చారల చొక్కానా?" అన్నాడతను, రాసుకుంటూనే.
బట్టలతో బతికేవాణ్ణి, తెలీదని ఎలా అంటాను?
"చారలే అయ్యుంటాయి" అన్నాను.
మర్నాడు టీకొట్టు దగ్గర "చారలే" అన్నాను.
మధ్యలో ఆ "అయ్యుంటాయి" ఎక్కడ జారిపోయిందో
ఇప్పటికీ దొరకలేదు.
కింద పడ్డ సూదయితే పాదానికైనా దొరికేది.

టీ తాగిన ప్రతివాళ్లూ తలో పోగు ఇచ్చారు.
పూల కుప్పమ్మ, పొట్టివాడంది.
జెరాక్సు కుర్రాడు, రాయపురం వైపు పోయాడన్నాడు.
నేను ఎవరి మాటా తీసుకోలేదు, ఒట్టు.
ఊరికే విన్నాను.

పుళల్ జైల్లో ఎనిమిది మందిని నిలబెట్టారు.
తొందరేం లేదన్నారు మేజిస్ట్రేటు గారు.
ఐదోవాడి ఎడమ కనుబొమ్మ మీద గాటు,
ఇంకా ఎర్రగా.
దాన్ని చూడగానే, నాలోపల
పరిగెత్తుతున్న ఆ వీపు
ఆగి, మెల్లగా ఇటు తిరిగింది.

నిజంగా తిరిగింది.
వీధి దీపం కింద, గాటుతో సహా.
నేను అబద్ధం చెప్పలేదు.
అబద్ధమైతే చెప్పేటప్పుడు నోరు తడబడదూ?

కోర్టులో వకీలు అటు తిప్పి ఇటు తిప్పి అడిగాడు.
అడిగిన ప్రతిసారీ వాడు
ఇంకొంచెం దగ్గరగా కనపడ్డాడు.
చొక్కాకి మూడో గుండీ లేదని కూడా చెప్పాను,
ఎవరూ అడక్కుండానే.

దేవసహాయానికి ఏడేళ్లు.
బుజ్జమ్మ ఆ రాత్రి చారు పోస్తూ అంది:
"మొదటి రోజు వీపే అన్నావు కదా."
"నీకు సరిగ్గా గుర్తులేదు" అన్నాను.

పోయిన ఆడి నెలలో
వీధంతా తగ్గింపు ధరల సంచులు మోస్తుంటే
ఒకతను పాత ప్యాంటు పట్టుకొచ్చాడు.
బూడిద రంగు, మోకాలి దగ్గర చిరుగు.
సెక్యూరిటీ ఉద్యోగానికి పిలిచారట, రేపటికే కావాలట.
బేరమాడలేదు.
నేను కనుబొమ్మ వైపే చూస్తున్నానేమో,
వేలితో తడుముకుని తమిళంలో అన్నాడు:
"ఇదా అన్నా? స్టేషన్లో పడింది.
జైలుకి పంపే ముందు రాత్రి."

నన్ను గుర్తుపట్టాడో లేదో.
మొహాల సంగతి నేనిక చెప్పను.

తెల్లారేదాకా కూర్చుని కుట్టాను,
గోరు పెట్టి వెతికినా చిరుగు తగలనంతగా.
డబ్బులొద్దంటే ఎందుకని అడుగుతాడని
ఎనభై తీసుకున్నాను.
చెబుదామనే అనుకున్నాను.
ఏ పోగు దగ్గర మొదలుపెట్టాలి?
ఒకటి లాగితే ఆ రాత్రంతా ఊడొచ్చేలా ఉంది,
మెట్టు, షట్టర్ చప్పుడు, కోటిలింగం, నేను.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

తెలిసింది కదా, ఇక పోతుందిలే అనుకున్నాను.
పోలేదు.
కళ్లు మూస్తే వీధి చివర అదే వీపు,
మెల్లగా ఇటు తిరుగుతుంది.
దీపం కింద,
ఇంకా ఎవరూ కొట్టని కనుబొమ్మ మీద
ఆ గాటు.