నాలుగో స్తంభం

కనిగిరి బస్టాండులో
పామూరు బస్సు ఆగే చోట, నాలుగో స్తంభం.
పైన ట్యాంకు ఎప్పట్నించో కారతా ఉంది.
వానల్లేని ఊళ్ళో
చెమ్మ పట్టిన చోటంటే అదొక్కటే.

మాలకొండయ్య సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి
రిటైరై పదకొండేళ్ళు.
టీ గ్లాసు అంచుతో ఆ మరకను చూపించి
"తాలూకా పటం" అంటాడు,
"మనం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పటిది.
చెమ్మకింకా జీవో అందలేదు."

సున్నం పెచ్చు లేచిన చోటు వెలిగండ్లంట.
ఎవరో వక్కాకు ఉమ్మింది ఎర్రచెలక.
ఇనప చువ్వ బయటపడ్డ కాడ కొండ.
"మరి ఆ నల్ల చుక్క?"
"బీడీ ఆర్పారు. పోరంబోకు."

నాగూర్‌బీ పెనం మీద దోసె చిరిగితే
తూర్పున సముద్రం కోసేస్తా ఉందంటాడు.
సీటు రెగ్జిను చినిగి స్పాంజి తేలితే
చెరువు ఆక్రమణ.
ఒకసారి మేకపిల్ల పొట్ట మీది మచ్చకు
జానతో కొలతేయబోయాడు,
అది ఒప్పుకోలా.

నేను ఎంక్వయిరీ కిటికీ లోపలుంటాను.
మైకులో నా గొంతు ఊరందరికీ తెలుసు.
నవ్వేటప్పుడు చున్నీ అడ్డం పెట్టుకోవటం
ఏడో తరగతి గ్రూపు ఫోటో నాడు నేర్చుకున్నా.

ఆ రోజు మైకు ఆపటం మర్చిపోయి
"ఈ ముసలాయనకు పటాల పిచ్చి" అన్నాను.
బస్టాండంతా వినింది.
ముందు ఆయనే నవ్వాడు.
నేనూ నవ్వేశాను, రెండు చేతుల్లోనూ రిజిస్టర్లు.

కమ్మీల దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు పైకి తోసి
పాత ఎఫ్.ఎం.బి. కాగితం చూసినట్టు
నా పళ్ళు చూశాడు.

"నీదీ ఊరు కాదు.
పైవరసన అడ్డగీతలు, చేతిపంపు.
కోరపన్ను కాడ గార ముదురు,
ఆ ఏడు బోరు ఇంకా లోతుకు దించుంటారు.
కింద ముందుపళ్ళు తేట.
పసితనాన అమ్మమ్మ ఊళ్ళో ఉన్నావా?"

ఉన్నాను. మూడేళ్ళు.
వాగులో చెలమ నీళ్ళు.
ఆ సంగతి మా అమ్మ కూడా మర్చిపోయింది.

"నీ పళ్ళు చూపించు పెద్దాయనా" అన్నాను.
"కట్టుడువమ్మా.
రికార్డు రూము ఎప్పుడో తగలబడింది."

మొన్న స్తంభానికి నీలం రంగేశారు, రెండు పూతలు.
మాలకొండయ్య ఏమీ అనలేదు.
తడి మళ్ళీ పైకి తేలటానికి
నెలా పది రోజులని లెక్కగట్టి
అక్కడే కూర్చున్నాడు.

నిన్న ఒంగోలు బస్సులో
పక్కసీటామె ఆవలించింది.
ఒళ్ళో పిల్లాడు క్యాను నీళ్ళ సీసా చీకుతున్నాడు,
వాడి రెండు పళ్ళూ ఇంకా తెల్లకాగితం.
ఆమె నన్ను చూసి గబుక్కున
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చున్నీ దించి
"మీది ఏ బోరు?" అన్నాను.

పొదిలి వచ్చేదాకా ఆమె పలకలేదు.
పొదిలి దాటాక
కొంగు దించింది.