తొంభై ఒకటి

పలాస. జీడిబట్టీ వెనక గదిలో వాన చప్పుడు.
గారమ్మ పిన్ని గోనె మీద పప్పు గుమ్మరించి
"ఒలే గుంటా, తొంబై ఒకటున్నాయి,
సమంగా వరసలెట్టు సూద్దాం" అంది.

రెండేసి పేర్చాను, ఒకటి మిగిలింది.
మూడేసి. ఒకటి.
ఐదేసి. మళ్లీ ఆ ఒక్కటే,
నడుం వంచుకుని నన్ను వెక్కిరిస్తూ.

"ప్రధాన సంఖ్య, పిన్నీ!"
ఆరో తరగతి గర్వంతో అరిచాను.

జీడిరసం తినేసిన నల్లటి వేళ్లతో
తను ఏడేసి పెట్టుకుంటూ పోయింది.
పదమూడు వరసలు. చేతిలో ఏమీ మిగల్లేదు.
"ఏడునడక్కుండా తీర్పు సెప్పేత్తావేటే?"

ఇంకో ఆరు కలిపింది.
రెండు, మూడు, ఐదు, ఏడు,
ఏదీ పన్ను దించలేకపోయింది.
"మరి పదకొండు?"
"పదకొండు పదకొండ్లు నూటిరవై ఒకటి,
మన కుప్ప దాటిపోనాది. ఇక్కడాపీ.
ఇది బద్దవ్వదు. గుండు."

గుండుకో కూలి, బద్దకో కూలి కట్టే మేస్త్రీ
కాటా వైపు తిరిగాడు.
తొంభై ఏడులోంచి ఒక పప్పు తీసి
నా నోట్లో పెట్టి,
తలైనా ఎత్తకుండా అంది:
"నమిలీ బేగి.
ఇప్పుడు పేర్చి సూడు, ఎన్ని దార్లో."