ఆరో అధికరణం

కాశీనగరంలో బస్సు నిండేదాకా కదలదు.
పర్లాకిమిడి చేరేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది.
ఆ సగం సుసన్నా నోట్సులో చూసుకుంటాను.
సుసన్నా కార్జి, సవర పిల్ల. కొండ దిగి, మూడు భాషల మీదుగా నడిచొచ్చి
నాకంటే ముందే బెంచీ మీద ఉంటుంది.

బి.ఏ. రెండో ఏడు. కొత్త పేపరు.
బిశోయి సారు బోర్డు మీద ఒడియాలో రాశారు:
మానవ అధికార.
ప్రతి అక్షరం తన గొడుగు తను పట్టుకుని నిలబడింది.
నేను మార్జిన్లోకి తెలుగులో దింపుకున్నాను.
దింపాక చూస్తే అర్థం తిరగబడింది.

మా ఇంట్లో అధికారం అంటే
జీపు దిగేది. సంతకం పెట్టనిది.
"సారు భోంచేస్తున్నారు, తర్వాత రా" అనేది.
మాకు కావలసిన మాట హక్కు.
పొట్టి మాట. దగ్గులా గొంతులో తగులుకుంటుంది.
మహేంద్రతనయ వంతెనకి అటు, పాతపట్నంలో, అధికారం కుర్చీది;
ఇటు పుస్తకంలో అందరిదీ.
ఎలాగని సారుని అడిగాను.
సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ కాసేపు ఆలోచించి
"పరీక్షలో రాదు" అన్నారు.

ఆరో అధికరణం చెప్పిన రోజు వాన.
ప్రతి మనిషికీ, ఎక్కడైనా సరే,
చట్టం ముందు మనిషిగా గుర్తింపు పొందే హక్కు ఉంది.
ఒక్క వాక్యం. ఊపిరి తీసుకునేలోపు అయిపోయింది.
రేకుల మీద చప్పుడుకి వినపడక రెండోసారి చదివారు.
వెనక ఎవరో ఆవలించారు.
నాకు మా అమ్మ బొటనవేలు కనిపించింది.

నోట్సులో కాదు.
పోయిన నెల కంట్రోల్ షాపులో, మిషను గాజు మీద.

పద్నాలుగేళ్లుగా అమ్మ జీడిపిక్కలు కొడుతోంది.
సొన ముందు చేతుల్ని నల్లగా చేస్తుంది,
తర్వాత పొరలు లేస్తాయి, తర్వాత నున్నబడతాయి.
పుట్టుకతో వచ్చిన గీతలు బట్టీలోనే ఉండిపోతాయి.
ఆ పప్పు ఏ ఊరి పాయసంలో తేలిందో మాకు తెలీదు.
మిషను మూడుసార్లు వెతికింది. మూడుసార్లూ ఎర్రలైటు.
"ఇది నువ్వు కాదు" అన్నాడు డీలరు గురునాథ పాత్రో.
మా వీధిలోవాడే. అమ్మని పేరుపెట్టి పిలుస్తాడు.
"నానే గదరా బాబూ" అంది అసిరమ్మ,
కొబ్బరినూనె రాసి, కొంగుకి తుడిచి, మళ్లీ పెట్టి.

టెస్టులో ఉదాహరణతో వివరించమంటే ఇదే రాశాను.
పదికి నాలుగు. పక్కన ఎర్రసిరాతో:
పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలే వాడవలెను.
దాని కింద చిన్నగా, పెన్సిలుతో,
ఎవరైనా చూస్తే చెరిపేయడానికి వీలుగా:
మిషను పట్టకపోతే రిజిస్టరు ఉంటుంది. అడుగు.

శనివారం అడిగాం. నేనూ, సుసన్నా, అమ్మా.
పాత్రో తెలుగులోనే అన్నాడు:
"నన్నడగడానికి నీకేం అధికారం ఉందే?"
నా నోట్లో తెలుగు ఎండిపోయింది.
క్లాసులో రాసుకున్నదే బయటికొచ్చింది, ఒడియాలో.
మోర అధికార అఛి.
నేనన్నది ఏ అధికారమో, ఆయన విన్నది ఏదో
ఇప్పటికీ తెలీదు. మోకాళ్లు వణకడం మాత్రం తెలుసు.
బల్ల కిందనుంచి రిజిస్టరు తీసి
దుమ్ము మా వైపే దులిపాడు.
సిరాలో ముంచిన అమ్మ వేలు
గీతల్లేని నల్లచుక్క ఒకటి వేసింది.
సుసన్నా దాని పక్కన అమ్మ పేరు రాసింది,
ఒత్తు ఊడిపోకుండా, రెండుసార్లు సరిచూసి.

ఒక్క నెల బియ్యమే. పోయిన నెలది పోయినట్టే.

ఆటోలో మూట మీద చెయ్యేసి అమ్మ అడిగింది:
"ఇంకా ఏటేటున్నాయే ఆ పొస్తకంలో?"
పేజీలు తిప్పి ఇరవైనాలుగోది చెప్పాను. విశ్రాంతి. తీరిక.
"అదీ కంట్రోల్లో ఇత్తారేటి?" అని నవ్వింది.
నవ్వుతూనే మూట నా వైపు జరిపి
బట్టీ దగ్గర దిగిపోయింది.